మళ్లీ ఒకసారి చెప్పప్పా

పోయిన నెల మా అమ్మను నంద్యాలలో చెవి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు పెద్ద డిప్పలు తగిలించి, శబ్దం వినపడినప్పుడల్లా వేలెత్తమన్నారు. అమ్మ కుదురుగా కూర్చుని, ఊపిరి తీసినంత క్రమంగా వేలెత్తుతూనే ఉంది. ఇవతల కంప్యూటరు ముందున్న అమ్మాయి నవ్వు ఆపుకుంటూ, నేను శబ్దం పెట్టకముందే ఎత్తుతోంది అంది. బయటికొచ్చాక అమ్మను అడిగాను. ఎత్తకపోతే ఆ పిల్ల ఏమనుకుంటుందో అని ఎత్తిందట.

నాకు అక్కడికక్కడే మేడమ్ గుర్తొచ్చారు.

ఆమె పేరు రాయను. ఇలా రాస్తానని ఫోన్ చేసి అడిగితే, "పేరొద్దు. మిగతాది నీ ఇష్టమప్పా" అన్నారు. ఇప్పుడు ఆళ్లగడ్డలో, తన ఇంట్లో, పెన్షన్ తీసుకుంటూ, చుట్టుపక్కల ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పుకుంటూ హాయిగా ఉన్నారు. మాతో పనిచేసినవాళ్లలో చాలా మందికి ఆమె ఒక కరోనా కాలపు జ్ఞాపకం మాత్రమే. నాకు అంతకంటే ఎక్కువ.

మాది చిన్న విశ్వవిద్యాలయం. ఒక ట్రస్టు వాళ్లు నడిపేది. నంద్యాల బయట పెద్ద ఆవరణ, ఆళ్లగడ్డలో చిన్న శాఖ. నేను లెక్కలు చెప్పేవాణ్ని. మేడమ్ కెమిస్ట్రీ ప్రొఫెసరు, ఆపైన రిజిస్ట్రారు. ఆమె గదిలోకి ఎవరు వెళ్లినా మొదట వినే మాట "ఈ పక్కకు రాప్పా" అని. బల్లకు ఎదురుగా కుర్చీలు ఉండేవి కావు. ఆమె కుర్చీకి కుడిపక్కన, మోకాళ్లు తగిలేంత దగ్గరగా, ఒక చెక్క కుర్చీ ఉండేది. ఎంత పెద్దమనిషి వచ్చినా అందులోనే కూర్చోవాలి. కారులో ఎప్పుడూ వెనక సీటులో ఎడమ కిటికీ దగ్గరే కూర్చునేవారు. భోజనాల దగ్గర కూడా, ఎడమ చేతివైపు గోడ ఉండే చోటు వెతుక్కునేవారు. వరండాలో ఎవరైనా ఎడమవైపు నుంచి నమస్కారం పెడితే, చూడనట్టే వెళ్లిపోయేవారు. అందుకే ఆమెకు పొగరు అన్న పేరొచ్చింది. వాస్తు పట్టింపు అన్నవాళ్లూ ఉన్నారు. క్రైస్తవుల ఇంట్లో పుట్టిన మనిషికి వాస్తేమిటని మా స్టాఫ్ రూములో దాని మీద ఒక మధ్యాహ్నమంతా వాదన కూడా జరిగింది.

ఇంకొక అలవాటు, చెప్పింది మళ్లీ చెప్పించడం. మనం ఏదైనా చెబుతుంటే రెప్ప వేయకుండా మన మొహంలోకే చూసేవారు. అంతా విని, "మళ్లీ ఒకసారి చెప్పప్పా" అనేవారు. మళ్లీ చెప్పాక, తన మాటల్లో దాన్ని తిరిగి చెప్పి, "అంతే కదా?" అని అడిగేవారు. అబద్ధాన్ని రెండుసార్లు ఒకే మొహం పెట్టి చెప్పడం ఎంత కష్టమో ఆ కుర్చీలో కూర్చున్నాకే నాకు తెలిసింది. ఒకసారి పరీక్ష పేపర్లు దిద్దడం పూర్తయిందా అని అడిగారు. అయిపోయింది మేడమ్ అన్నాను. మళ్లీ చెప్పమన్నారు. దాదాపు అయిపోయింది అన్నాను. "అంటే, ఇంగా కొన్ని ఉండాయి. అంతే కదా?" అన్నారు. ఒక కట్ట ఇంకా విప్పనే లేదని ఒప్పుకున్నాను. కోప్పడలేదు. ఎన్ని రోజులు కావాలో అడిగి, ఆ మాట కూడా రెండుసార్లు చెప్పించుకుని పంపించారు.

పిల్లలు ఆమెను బాగా అనుకరించేవారు. వార్షికోత్సవంలో ఒక అమ్మాయి చీర కట్టుకుని, స్టేజీ మీద కుర్చీ కుడిపక్కకు జరిపి, మళ్లీ ఒకసారి చెప్పప్పా అంటే హాలంతా ఊగిపోయింది. మేడమ్ మొదటి వరుసలో కూర్చుని అందరికంటే కొంచెం ఆలస్యంగా నవ్వారు.

కరోనా వచ్చిన ఏడాది మార్చిలో మా ఉపకులపతి హైదరాబాదులో ఉండిపోయారు. ఆయనకు గుండె జబ్బు. రెండు వారాలు చూసి, ఇక తన వల్ల కాదని రాజీనామా పంపారు. నంద్యాలలో వీధులకు వీధులే కట్టెలు కట్టి మూసేస్తున్న రోజులు. కొత్తవాణ్ని వెతికే తీరిక ఎవరికీ లేదు. ట్రస్టు చైర్మన్ గారు మేడమ్‌కు ఫోన్ చేసి, మీరే చూసుకోండి అన్నారు. అలా ఆమె ఇన్‌ఛార్జి ఉపకులపతి అయ్యారు. ఉపకులపతి గదిలోకి మాత్రం మారలేదు. తన గదిలోనే, తన చెక్క కుర్చీ పక్కనే ఉండి పని చేశారు.

హాస్టల్లో చిక్కుకుపోయిన ఆడపిల్లల్ని ఇళ్లకు పంపడం మొదటి పని. అధికారులతో ఫోన్లో వాదించకుండా, ప్రతి బస్సుకూ ఒక ఉత్తరం, ప్రతి పిల్లకూ ఒక ఉత్తరం రాసి, సంతకం పెట్టి, సీలు వేసి ఇచ్చారు. గేటు దగ్గర నిలబడి ఒక్కొక్క పిల్లతో ఊరి పేరు రెండుసార్లు చెప్పించుకుని ఎక్కించారు. ప్యాపిలి వైపు వెళ్లే ఆఖరి బస్సును దారిలో రెండుచోట్ల ఆపారట. ఉత్తరాలు చూపిస్తే వదిలేశారట. పిల్లలందరూ చేరారని కబురు వచ్చేదాకా ఆమె భోజనానికి లేవలేదు.

తరువాత ఆన్‌లైన్ పాఠాలు. కంప్యూటర్ల గురించి నాకు కొంచెం తెలుసని, క్వార్టర్స్‌లోనే ఉంటానని, ఆ పని నాకు అప్పగించారు. ఆమె బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి మొదటి స్టాఫ్ మీటింగు జరిపించాను. చిన్న చిన్న గళ్లలో మొహాలు. సగం మందికి గొంతు తెగిపోతోంది. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరి ఇంట్లో కుక్కర్ కూతలు. మేడమ్ ముందుకు వంగి, తెరకు జానెడు దూరంలో మొహం పెట్టి, తల ఊపుతూ కూర్చున్నారు. మీటింగు అయిపోయాక నాతో, "ఎవురెవురు ఏం చెప్పినారో రాసియ్యప్పా, రికార్డుకు" అన్నారు. రాసిచ్చాను. ఆ కాగితం చదివాకే ఆమె నిర్ణయాలు చెప్పేవారు. ప్రతి మీటింగుకూ అంతే. ఎంత పద్ధతి గల మనిషి అనుకున్నాను.

పాఠాలు మొదలయ్యాక ఆమె ఒకే ఒక్క విషయంలో పట్టుబట్టారు. పిల్లలు కెమెరా ఆపకూడదు, మొహాలు కనపడాలి అన్నారు. పిల్లలకు అది ఇష్టం లేదు. ఒకే గది ఉన్న ఇంట్లో, వెనక మంచం మీద జబ్బుతో ఉన్న తాతను, ఆరేసిన బట్టలను ఎవరు చూపించుకుంటారు? లెక్చరర్లు కూడా విసుక్కున్నారు. మేడమ్ నిఘా పెడుతోందన్న మాట బయలుదేరింది. నేనూ అలాగే అనుకున్నాను. కెమెరా సంగతి వదిలేయండి మేడమ్ అని చెప్పాను కూడా. చాలాసేపు నా మొహం చూసి, సరే వదిలేయ్ అన్నారు. మరుసటి వారం నుంచి తన కెమిస్ట్రీ క్లాసులు ఇంకొకరికి ఇచ్చేశారు. ముప్పై ఏళ్లుగా క్లాసు మానని మనిషి. పని ఎక్కువైందని అనుకున్నాం.

ఆగస్టులో పాలకమండలి మీటింగు పెట్టుకున్నారు. ఆ రోజు నేను లేను. గోస్పాడులో మా పెదనాయనకు జబ్బు తగిలితే చూడడానికి పోయి, అక్కడే పద్నాలుగు రోజులు కట్టడిలో ఉండిపోయాను. తిరిగి వచ్చేసరికి నోటీసు బోర్డు మీద ఒక ఉత్తర్వు, దాని కింద నూటికి పైగా పేర్లు. ఆన్‌లైన్ హాజరు చాలని విద్యార్థులకు ఈసారి హాల్ టికెట్లు ఇవ్వరు. వాళ్లు వచ్చే ఏడాది తరువాతి బ్యాచ్‌తో కలిసి మళ్లీ చదవాలి. చివర్న, ఇన్‌ఛార్జి ఉపకులపతి గారి సమ్మతితో అని ఉంది.

పేర్లన్నీ చదివాను. సగానికి సగం ఆళ్లగడ్డ శాఖ పిల్లలు. మిగిలినవాళ్లు పగిడ్యాల, ప్యాపిలి వైపు పల్లెలవాళ్లు. వాళ్లలో ఎక్కువ మంది ఆడపిల్లలు. ఒక సంవత్సరం పోతే మళ్లీ కాలేజీ గడప తొక్కనివ్వని ఇళ్లు. రుద్రవరం అవతల అడవి అంచు ఊరి నుంచి వచ్చే హుసేనమ్మ పేరు కూడా ఉంది. నా క్లాసులో లెక్క పూర్తిగా చెప్పకముందే జవాబు రాసేసే పిల్ల.

ఆ కాగితం చించుకుని పోయి మేడమ్ బల్ల మీద పెట్టాను. కూర్చోలేదు. ఎదురుగా నిలబడి, దీనికి మీరెట్లా ఒప్పుకున్నారని అడిగాను. నా గొంతు లేచిందని నాకే తెలుస్తోంది.

ఆమె ఆ ఉత్తర్వును అప్పటికే చూసి ఉన్నారు. మళ్లీ మొదటి నుంచి చివరి దాకా చదివారు. సమ్మతితో అన్న మాట మీద వేలు పెట్టి ఉంచారు.

"సరే అన్యాను. దేనికంటాండానో తెలీకుండానే అన్యాను."

నాకు అర్థం కాలేదు. ఆమె పక్కనున్న కుర్చీ చూపించారు. కూర్చున్నాను.

"నాకు ఈ ఎడమ చెవి చిన్నప్పుడే పోయిందప్పా. గవదబిళ్లలు లేసి. కుడిది సగం పనిచేస్తాది, అది గూడా ఈ మధ్య తగ్గింది. మనిషి ఎదురుగా ఉంటే మూతి చూసి మిగతా సగం కలుపుకుంటా. కంప్యూటర్లో మూతులు యాడ కనపడతాయి? చైర్మన్ సారు ఫోను బల్ల మీద పండబెట్టి మాట్లాడతాడు. నాకు కనపడింది ఆయన గడ్డమూ, పైన ఫ్యానూ. చివర్న ఏమో అడిగి ఆగినాడు. అందరూ నా తట్టు చూస్తాండారు. సరే సార్ అన్యా."

నేను ఆ కుర్చీలో ఎన్నిసార్లు కూర్చున్నానో లెక్కలేదు. ఆ కుర్చీ కుడివైపే ఎందుకుందో, చెప్పిందే ఎందుకు చెప్పించేవారో, కెమెరాల కోసం ఎందుకు అంత పట్టుబట్టారో, ఇష్టమైన క్లాసులు ఎందుకు వదులుకున్నారో, అన్నీ ఒక్కసారిగా తెలిశాయి. ఆన్‌లైన్‌లో మీటింగులు పెట్టించిందీ నేనే, కెమెరాలు ఆపించిందీ నేనే.

ఇన్నేళ్లూ ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను. వాళ్ల నాయన మిషన్ బడిలో పంతులట. చెవిటిదని తెలిస్తే ఉద్యోగం ఎవరిస్తారని, ఇంటర్వ్యూకు పంపిన రోజు ఏ పక్కన కూర్చోవాలో నేర్పి పంపాడట. ఆ రోజు దాచింది, ఆ తరువాత చెప్పే రోజే రాలేదు అన్నారు.

నేను బయటపడే దారి ఒకటి చెప్పాను. నెట్‌వర్క్ సరిగా లేదు, మాటలు తెగిపోయాయి అని ఒక ఉత్తరం రాస్తే చాలు, ఎవరూ అనుమానించరు, ఆ రోజుల్లో అందరూ చెప్పేది అదే అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపారు.

"నెట్‌వర్క్ అంటే మళ్లీ మీటింగు పెడతారు. మళ్లీ నాకు వినపడదు. ఇంగేం లాభం?" అని, ఆ జాబితా మడిచి బ్యాగులో పెట్టుకున్నారు. "నేను ఎందుకు సరే అన్యానో నాకు తెల్సు. ఈ పిల్లోళ్లు క్లాసులకు ఎందుకు రాల్యానో మనకు తెలీదు. ముందు అది చూద్దాం పా."

మరుసటి రోజు పొద్దున్నే కారులో ఆళ్లగడ్డ వెళ్లాం. శాఖలో తాళాలు తీయించి, అడ్మిషన్ రిజిస్టరులో చిరునామాలు రాసుకున్నాం. ఊరి బయట శిల్పుల పాకల దగ్గర ఉలి చప్పుడే లేదు. సగం చెక్కిన విగ్రహాల మీద పట్టలు కప్పి ఉన్నాయి. రుద్రవరం దాటి, హుసేనమ్మ వాళ్ల ఊరు చేరేసరికి పది దాటింది. ఇంటికి గొళ్లెం పెట్టి ఉంది. నాట్లకు పోయిందని పక్కింటావిడ చెప్పింది.

కాలువ కింద మడిలో పది పన్నెండు మంది ఆడవాళ్లు వంగి నారు నాటుతున్నారు. మమ్మల్ని చూసి హుసేనమ్మ మోకాళ్ల దాకా బురదతో గట్టెక్కింది. కొంగు మూతికి అడ్డం కట్టుకుంది. మేడమ్ నాలుగడుగులు వెనక్కి జరిగి, దూరంగానే నిలబడి ఆ కొంగు దించి మాట్లాడమన్నారు. ఆ పిల్ల భయపడింది. తన పేరు తీసేసిన సంగతి అప్పటికే స్నేహితురాలి ద్వారా తెలిసిందట. ఇక చదువు అయిపోయినట్టేనని ఇంట్లో అనుకున్నారట.

క్లాసులకు ఎందుకు రాలేదని మేడమ్ అడిగారు. ఇంట్లో ఉన్నది వాళ్లన్న ఫోను ఒక్కటే, అతను ట్రాక్టరుకు పోతే సందేళకు గానీ రాడు. అతను ఇంట్లో ఉన్న రోజున కాలువ గట్టెక్కి నిలబడితే సిగ్నల్ వస్తుంది. అలా మూడు క్లాసులకు వచ్చింది. ఆ మూడింటిలోనూ మాటలు తెగిపోతూ ఉన్నాయి. నాలుగోదానికి రాలేదు.

"వినపడల్యా అని ఒక మాట చెప్పొచ్చు కదమ్మా?"

హుసేనమ్మ కాళ్ల బురద వైపు చూసింది. "అందరికీ వినపడతాండాదేమో, నాకొక్కదానికే వినపడల్యా ఏమో అనుకున్యా మేడమ్. అడిగితే నవ్వుతారని అడగల్యా."

మేడమ్ ఎప్పటిలాగా మళ్లీ చెప్పమని అడగలేదు. ఆ పిల్ల మొహం వైపే చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. మడిలో ఆడవాళ్లు పని ఆపి మమ్మల్ని చూస్తున్నారు. చివరికి, తప్పు నీది కాదులేమ్మా, పుస్తకాలు మాత్రం అటకెక్కించొద్దు అని చెప్పి వెనక్కి తిరిగారు.

ఆ రోజు ఇంకో ఆరేడు ఇళ్లకు వెళ్లాం. ఒక ఇంట్లో ఫోనే లేదు. ఒక ఇంట్లో ముగ్గురు చదివే పిల్లలకు ఒక ఫోను. దారిలో కలిసిన ఒక అబ్బాయి, రోజూ హాజరు మాత్రం వేయించుకుని గొర్రెల వెంట పోతున్నానని నిజం చెప్పేశాడు. అతని పేరు జాబితాలో లేదు. మేడమ్ ఆ మాట మాత్రం మళ్లీ చెప్పించుకున్నారు. తిరుగు దారిలో, నంద్యాల దగ్గర పడుతుండగా, "మీటింగు పెట్టించప్పా. అందరూ ఉండాల. నువ్వు గూడా" అన్నారు.

రెండు రోజులకు పాలకమండలి మీటింగు కుదిరింది. ఆమె కుడిపక్కన నేను కూర్చున్నాను, ఎవరు మాట్లాడినా పెద్ద అక్షరాలతో రాసి చూపించడానికి ఒక తెల్ల నోటుపుస్తకంతో. ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుని, మాస్కు తీసి పక్కన పెట్టి, క్లాసులో పాఠం మొదలుపెట్టేటప్పటి గొంతుతో మాట్లాడారు.

"పోయిన మీటింగులో నేను సరే అన్యాను సార్. మీరు ఏం అడిగినారో నాకు వినపడల్యా. నాకు ఒక చెవి అసలు వినపడదు, ఇంగొకటి సగమే. ఈ మాట ముప్పై ఏండ్లుగా ఎవురికీ చెప్పల్యా. వినపడకుండానే సరే అనడం నా తప్పు. ఆ సరే ఇప్పుడు వెనక్కి తీసుకుంటాండా."

గళ్లలో మొహాలన్నీ కదలకుండా ఉండిపోయాయి. నెట్‌వర్క్ ఆగిపోయిందేమోనని నేను ఒకసారి చూసుకున్నాను. కాసేపటికి ఒక సభ్యుడు, వినపడని మనిషి ఇంత పెద్ద బాధ్యత ఎలా మోస్తారని అడిగారు. ఆ వాక్యాన్ని నోటుపుస్తకంలో రాయడానికి నాకు చేయి రాలేదు. మేడమ్ పెన్ను కదలకపోవడం చూసి, రాయమన్నట్టు నా మోచేతి మీద తట్టారు. రాశాను. ఆమె చదివి, ఆ మాటకు కోపం లేకుండా జవాబిచ్చారు. వేరే మనిషిని చూసుకోండి, సంతోషంగా దిగిపోతాను, కానీ ఆ జాబితా ఈ రోజే తీసేయండి అన్నారు. హుసేనమ్మ సంగతి, ఫోను లేని ఇళ్ల సంగతి, హాజరు పడుతున్న గొర్రెల కాపరి సంగతి, పేర్లు చెప్పకుండా, అన్నీ చెప్పారు. మీకు వినపడిందా లేదా అని వాళ్లను మనం ఎవరమూ అడగలేదని ఒప్పుకున్నారు.

అప్పుడు తెర మీద ఒక గడి కదిలింది. ఫ్యాను పోయి చైర్మన్ గారి మొహం వచ్చింది. ఫోను చేత్తో ఎత్తి పట్టుకుని, మొహానికి తిన్నగా పెట్టుకున్నారు. ఆయన రైతు కుటుంబపు మనిషి, పెద్దగా మాటలు రావు. పెదవులు విప్పి, ఒక్కొక్క మాటా విడగొట్టి పలికారు.

"ఇప్పుడు వినపడతాండాదా మేడమ్?"

"వినపడతాండాది సార్."

"మీరు వద్దంటారనే అనుకున్యా ఆ పొద్దు. సరే అంటిరి. మీరే అన్యాక ఇంగ మేమేం చెప్పాల అని ఊరుకున్యాం. ఆ ఉత్తర్వు తీసేస్తాం. ఏం చేద్దామో చెప్పండి."

నేను రాయాల్సిన పని లేకపోయింది. ఆమె ఆయన పెదవుల నుంచే అంతా చదువుకున్నారు. నా పక్కన ఆమె భుజాలు దిగడం నాకు తెలిసింది. చాలా రోజులుగా ఆ భుజాలు అలా బిగిసి ఉన్నాయని కూడా అప్పుడే తెలిసింది.

అక్కణ్నుంచి పని తేలికైంది. అంటే చాకిరీ పెరిగింది, బరువు తగ్గింది. ఆ సెమిస్టరుకు హాజరు లెక్క వదిలేశారు. ఆన్‌లైన్ క్లాసులు ఆపలేదు, వినగలిగినవాళ్లు వింటారని. దాంతోపాటు ప్రతి వారం పాఠాలు అచ్చువేసి, కట్టలు కట్టి, ఊళ్లకు పోయే బస్సుల్లో పంపాం. మండలానికి ఒక రోజు చొప్పున లెక్చరర్లు పోయి, అనుమతి దొరికిన బడి వరండాల్లో దూరం దూరంగా పిల్లల్ని కూర్చోబెట్టి సందేహాలు తీర్చారు. ప్యాపిలి నాకు పడింది. మొదటి వారం ముగ్గురు వచ్చారు, నాలుగో వారానికి వరండా చాలలేదు. పాఠాలు అచ్చుకు పోయే ముందు అన్నీ మేడమ్ చదివేవారు. ఇది నాకే అర్థం కాల్యా, పిల్లోళ్లకు ఏం అర్థమైతాదప్పా అని నా లెక్కలు మూడుసార్లు తిరిగి రాయించారు.

ఆమెను ఉద్యోగం నుంచి ఎవరూ దించలేదు. ఆ ప్రశ్న అడిగిన సభ్యుడే, దసరా తరువాత, తన తల్లిని చూపించిన చెవి డాక్టరు పేరు ఫోన్లో పంపించారు. చెవి మెషిన్ పెట్టుకుని గదిలోకి వచ్చిన రోజు ఆమె తల పైకెత్తి, చాలాసేపు ఫ్యాను వైపు చూశారు. "ఇది ఇంత గోల చేస్తాండాదని ఇన్నేండ్లూ నాకు ఎవురూ చెప్పల్యా" అన్నారు. ఆ సాయంత్రమే దాన్ని బాగు చేయించారు.

ఆ జాబితాలోని పిల్లల్లో నలుగురైదుగురు తప్ప అందరూ పరీక్షలు రాశారు. హుసేనమ్మ మంచి మార్కులతో బయటపడి, బి.ఇడి. చేసి, ఇప్పుడు ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతోంది. కొత్త ఉపకులపతి వచ్చాక మేడమ్ బాధ్యతలు అప్పగించి, రిటైరయ్యే దాకా ఆళ్లగడ్డ శాఖలో పాఠాలు చెప్పుకుంటానని అడిగి మరీ వెళ్లిపోయారు. వీడ్కోలు సభ వద్దన్నారు. టీ తాగి, అందరితో మాట్లాడి, కారెక్కారు.

అయితే ఆమెను తలుచుకున్నప్పుడు నాకు మొదట కనపడేది ఇవేవీ కాదు. చలికాలంలో, కాలేజీ తిరిగి తెరిచిన మొదటి రోజు. పరీక్షలకు ముందు పిల్లల్ని విడతలు విడతలుగా రప్పించాం. ఆళ్లగడ్డలో మొదటి క్లాసు తానే చెబుతానని మేడమ్ నాతోపాటు వచ్చారు. గదిలో బెంచీకి ఒకరు. అందరికీ మాస్కులు. కళ్లు తప్ప ఏమీ కనపడని ముప్పై మంది. కొత్త మెషిన్ ఇంకా ఆమెకు అలవాటు కాలేదు. పెదవులేమో ఒక్కటీ కనపడడం లేదు. నేను వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. అవసరమైతే ముందుకెళ్లి పిల్లల మాటలు ఆమెకు అందిద్దామని.

ఆమె హాజరు పట్టీ తెరవలేదు. సుద్దముక్క పట్టుకుని, బోర్డు ముందు నుంచి మొదటి బెంచీ దాకా వచ్చి నిలబడ్డారు.

"నాకు చెవి సరిగా వినపడదు. మీకు మాస్కులుండాయి, మూతి చూసి తెలుసుకునేదానికీ లేదు. మీరు ఏమన్యా అడగాలంటే చెయ్యెత్తండి. నేనే మీ కాడికి వస్తా. నేను చెప్పేది మీకు వినపడకున్యా చెయ్యెత్తండి. సిగ్గుపడొద్దండి, నేను చాన్నాళ్లు పడినా."

ఆమె బోర్డు వైపు తిరిగి మొదటి సమీకరణం రాశారు. రాసి ఇటు తిరిగేసరికి వెనక బెంచీలో ఒక అబ్బాయి చెయ్యెత్తి ఉన్నాడు. అతని దగ్గరికి వెళ్లారు. చెవి అతని వైపు పెట్టి విని, అతనికి చెప్పి, తిరిగి బోర్డు దగ్గరికి వచ్చేలోగా కిటికీ పక్కన ఇద్దరు అమ్మాయిలు చేతులెత్తారు. తరువాత మధ్య వరుసలో ఒకరు. తరువాత నలుగురు. నెలల తరబడి ఎవరినీ ఏమీ అడగకుండా ఉండిపోయిన పిల్లలు. ఆమె బెంచీల మధ్య ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తూనే ఉన్నారు. చీర కొంగుకంతా సుద్ద అంటింది. ముందుకు వెళ్లాల్సిన అవసరం నాకు రాలేదు.

గంట కొట్టేసరికి బోర్డు మీద ఆ ఒక్క సమీకరణమే ఉంది.